అమ్మమ్మ చెంప మీద పచ్చ గడి

కుతాయిసీలో పెళ్లిళ్లు తీస్తాను నేను, పంతొమ్మిదేళ్లుగా.
ఈ ఫిబ్రవరిలో పాత కంప్యూటర్ దగ్గడం మొదలెట్టింది.
కొత్త బోర్డు, కొత్త ప్రాసెసర్ అట్టపెట్టెల్లో వచ్చాయి.
కొత్త డిస్కు మాత్రం
ఇంకా ఏ భాషా రాని పసివాడిలా
బల్ల మీద కూర్చుంది.

"ముందు దీనికి లెక్కరాత నేర్పాలి, యామ్జే అత్తా.
ఏ పద్ధతిలో?" అన్నాడు నుక్రి.
డిస్కంటే డిస్కే అనుకున్నదాన్ని.
గది కట్టాక లోపల అరలు ఎవరు కొడతారో
ఏనాడూ అడగలేదు.

నా మొదటి డిస్కుది ముసలి పద్ధతి, ఫ్యాట్ ముప్పైరెండు.
నాలుగు గిగాలు దాటినదాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది.
మా విందుపెద్ద వఖుష్తి గ్లాసెత్తాడంటే
పోయినవాళ్లకొక మాట, పుట్టబోయేవాళ్లకొక మాట,
ద్రాక్షతీగకు, వంటింట్లో కనబడకుండా ఉన్నవాళ్లకు...
ఒక్క ఊపిరికి ఐదు గిగాలు.
మనిషిని మూడు ముక్కలు కోసి దాచాను.
ఇప్పటికీ రెండో ముక్క
"అయితే" అంటూ మొదలవుతుంది.

తర్వాతది ఎన్‌టీఎఫ్‌ఎస్. కరణం లాంటిది.
చేయబోయే పని ముందు చిట్టాలో, ఆ పిమ్మటే ఆవర్జాలో.
గాలి లేచిందంటే మా వీధికి కరెంటు పోతుంది.
తిరిగొచ్చాక చిట్టా తిరగేసుకుని
తడబాటు లేకుండా సర్దుకునేది.
పన్నెండేళ్లు నమ్మాను.

"లినక్స్ వేస్తున్నాం కదా, ఎక్స్‌టీ ఫోర్ చాలు.
గానుగెద్దు లాంటిదని నువ్వే అన్నావు."
నుక్రి మాట్లాడలేదు. ఒక ఫైలు తెరిచాడు.

ఖాతునా పెళ్లి.
పెళ్లికూతురి అమ్మమ్మ ఒక్కత్తే లేచి
చేతులు చాపి తిరిగే చోట
ఆవిడ చెంప మీద ఒక పచ్చ గడి.
రెప్పపాటు. మాయం.
మళ్లీ నవ్వు, మళ్లీ డోలు.

ఎక్కడో ఒక సున్నా ఒకటైపోయింది.
చెదపురుగుకైనా చప్పుడుంటుంది.
కాపీ తీసిన ప్రతిసారీ డిస్కు అంతా క్షేమమంది.
నేనూ ఆ పచ్చ గడిని
జాగ్రత్తగా, పదేపదే, కాపీ తీసుకుంటూ వచ్చాను.
అసలు క్యాసెట్టు మీద ఎప్పుడో ఇంకెవరిదో పెళ్లి.

పని పూర్తయిందా అన్నదే చిట్టా చూస్తుంది.
రాసింది రాసినట్టే ఉందా అని అడగదు.

"జెడ్‌ఎఫ్‌ఎస్ అడుగుతుంది" అన్నాడు.
"ముక్క ముక్కకీ ముద్ర వేస్తుంది,
చదివినప్పుడల్లా సరిచూస్తుంది."
"తప్పితే, బాగుచేస్తుందా?"
"పక్కన రెండో డిస్కులో అదే రాత ఉంటే.
ఒక్కటే ఉంటే,
పోయిందని చెప్పడం వరకే."

గ్రాఫిక్స్ కార్డు పెట్టెకి సీలు ఇంకా తీయలేదు.
పొద్దున్నే తిరిగిచ్చేసి రెండో డిస్కు తెచ్చాను.
ఎడిటింగ్ నత్తనడక నడుస్తుందిక. నడవనీ.

జంటకు పేరు పెట్టమంది తెర.
మరానీ, అని కొట్టాను.
మట్టిలో పాతిన జాడీల్లో ద్రాక్షసారా నిలవుండే గది.
మూత తీసి వాసన చూడకపోతే
ఏ జాడీ పులిసిందో ఎవరికి తెలుసు.

రెండు పగళ్లు, మూడు రాత్రులు ఎక్కించాం.
పచ్చ గడీ వచ్చింది మాతో.
దానికీ ముద్ర పడింది.
ఇక అది మారదు. పచ్చగా, నికరంగా ఉంటుంది.

నెలకో ఆదివారం, నేను పడుకున్నాక,
రెండు డిస్కులూ మొదటి పెళ్లినుంచి చదవడం మొదలెడతాయి.
విడిపోయిన జంటలవి,
నాకు డబ్బు ఎగ్గొట్టినవాళ్లవి,
ఎవరూ మళ్లీ చూడని ఆరేసి గంటల విందులు.
గోడకవతల సన్నగా గరగర.
వఖుష్తి మూడు ముక్కలుగా లేచి
మూడు గ్లాసులెత్తుతాడు.

తెల్లారి తెర మీద ఒకటే వాక్యం:
తెలిసిన తప్పులేవీ లేవు.

ఆ "తెలిసిన" అన్న మాట చూసే
నాకు దాని మీద నమ్మకం కుదిరింది.