తొట్టిలో కొండ

తరమణిలో మా ల్యాబు సముద్రం
పొడవు ఇరవై రెండు మీటర్లు.
రెండు పక్కలా గాజు. ఒక కొసన ఏటవాలు చెక్క,
చెక్క మీద నలభై కిలోల కంకర.
అదే అగ్నిపర్వతం.

"బెల్లం దిమ్మ మాదిరి ఉండాది సార్"
అన్నాడు దేశింగు.
గొళ్లెం లాగే పని అతనిది.
ఎన్నూరు నుంచి రెండు బస్సులు మారి వస్తాడు.

కొండ పేలితేనే భయమనుకునేవాణ్ణి.
నీళ్లలో కాళ్లు పెట్టుకుని
తన బూడిద మీద తనే ఎక్కి, ఎక్కి,
ఏళ్ల తరబడి పెరిగిన కొండకి
ఒక రాత్రి ఒక పక్క జారిపోతుంది.
అంతే.
పెద్ద భూకంపం రాకుండానే.
సైరన్ దగ్గర కూర్చున్నవాడికి
వినడానికి ఏమీ ఉండకపోవచ్చు.

లాగాడు.

కంకర దిగినచోట నీళ్లు ముందు గుంటపడ్డాయి,
చుట్టం వస్తే చాప మీద జరిగి చోటిచ్చినట్టు.
ఆ తర్వాత లేచాయి,
ఇచ్చిన చోటు వడ్డీతో అడగడానికి.
గాజు పొడవునా ఒక వీపు పరిగెత్తింది,
వెనకాల గొణుక్కుంటూ చిల్లర అలలు.

పదకొండు సెంటీమీటర్లు. రాసుకున్నాను.
ఏటవాలు పెంచితే పద్నాలుగు.
లోతు మారిస్తే లెక్కంతా మొదటికి.

అవతలి కొసన, ఒడ్డని మేం గీసిన ఎర్రగీత దగ్గర
దేశింగు ప్యాంటు మోకాళ్లదాకా పైకి లాక్కున్నాడు.
నీళ్లేమో గాజు లోపల.
ముప్పై ఆరుసార్లూ అంతే.
"ఎందుకయ్యా?"
తల దించి చూసుకున్నాడు, తన కాళ్లు కానట్టు.
"ఇరవై ఏండ్లు దాటింది సార్.
కాళ్లకి క్యాలెండరు తెలీదు గదా."

అది వేరే అల, కొండది కాదు,
సముద్రం అడుగున నేల విరిగి వచ్చింది అని చెప్పబోయి
మానేశాను.
బదులుగా మ్యాపు చూపించాను:
తూర్పున, దాదాపు మన వరసలోనే, అండమాన్ అవతల
మనుషుల్లేని ఒక దీవి, లోపల నిప్పు.
"కూలితే?"
"ఇక్కడికొచ్చేసరికి నీరసిస్తుంది. చాలావరకు."
ఆ చివరి మాట అతను విన్నాడు.

బకెట్లతో కొండని మళ్లీ పైకి మోశాం.
తూచాం. ఇరవై గ్రాములు తక్కువ.
తొట్టి అడుగంతా వెతికాను, జాలీ విప్పాను.
దేశింగు జేబులోంచి ఒక రాయి తీశాడు, తడిది,
చింతగింజకి అన్నలాంటిది.
"మా పాపకి సార్. కొండ ముక్క అని చెప్తా."

నోటుబుక్కులో బరువు గడి కొట్టేసి
ముప్పై తొమ్మిది కిలోల
తొమ్మిదొందల ఎనభై అని వేశాను.
ముప్పై ఏడో కొండ.
గొళ్లెం పెట్టాడు.