నీ దాకా వచ్చిందా

మాలకీ గెరిటీ మూడు రోజుల్లో
బ్యాటరీ మార్చాడు, ప్లగ్గులు మార్చాడు,
క్యారిక్ నుంచి కొత్త కాయిల్ తెచ్చి బిగించాడు.
బూడిదరంగు ఫెర్గూసన్ మాత్రం
రేకుల కప్పు కింద వాన చూస్తూ కూర్చుంది.
గేరు కర్రను S దగ్గరికి తోస్తే
గుర్రుగుర్రుమని తిరుగుతుంది. అంటుకోదు.

కోసిన గడ్డి రెండెకరాల మీద పరుచుకుని ఉంది.
పడమటి కొండకు మబ్బు
పిండని గుడ్డలా వేలాడుతోంది.
లీట్రిమ్‌లో అదేం వార్త కాదు.

"నీకు తీగలు తెలుసుగా, డింఫ్నా"
అన్నాడు, నా గుమ్మంలో టోపీ నలుపుతూ.

తెలుసు.
పోస్టాఫీసు వెనక గదిలో ఇరవై ఆరేళ్లు
స్విచ్‌బోర్డు ముందు కూర్చున్నదాన్ని.
ఆటోమేటిక్ యంత్రం వచ్చాక
ఓ గోడ గడియారం చేతిలో పెట్టి
నన్ను ఇంటికి పంపేశారు.

లైను పలకనప్పుడు మేం ఏమీ మార్చేవాళ్లం కాదు.
అడిగేవాళ్లం.
ఈ స్తంభం దాకా వచ్చిందా?
ఆ వంతెన దాకా?
ఎక్కడ "ఊఁ" అనడం మానేస్తుందో
అక్కడికి మనిషి సైకిలెక్కి వెళ్లేవాడు.

బల్బు ఒకటి, దానికి రెండు తీగలు. అంతే సరంజామా.
"ఈ బండికి పాజిటివ్వే భూమి, జాగ్రత్త" అన్నాడు మాలకీ.
మంచిదే. బల్బుకి అలాంటి పట్టింపుల్లేవు.

స్విచ్, నీ దాకా వచ్చిందా? వెలిగింది.
కాయిల్ ఈ చెవి? వెలిగింది.
ఆ చెవి?
చీకటి.

పాయింట్ల మధ్య అగ్గిపుల్ల దూర్చి విడదీశాను.
ఇప్పుడు వెలగాలి. వెలగలేదు.
డిస్ట్రిబ్యూటర్ వైపు తీగ ఊడదీశాను.
బల్బు మసకగా, నిద్రలో కళ్లు తెరిచినట్టు, వెలిగింది.

అంటే కరెంటు వస్తోంది, మాలకీ.
తీగ ఎక్కడా తెగలేదు.
దూకాల్సిన చోట దూకకుండా
పక్కనే ఇనుములోకి దిగిపోతోంది.

టార్చి పట్టుకున్న చేయి కాస్త వణికింది.
చలి అనుకున్నాను. జూన్ నెల.

అరవై మూడులో, ఓ ఆదివారం,
కొవెంట్రీలో నర్సుల హాస్టల్‌కి ఇతనికి కాల్ కలిపాను.
"ఊనా, ఊనా" అని నాలుగుసార్లు పిలిచాడు.
తర్వాత కౌంటర్ దగ్గరికొచ్చి
"మీ లైను చచ్చింది" అని
డబ్బులు మాత్రం లెక్కపెట్టి ఇచ్చాడు.
నా చెవికి హెడ్‌సెట్ ఉంది.
అవతల కెటిల్ మరగడం విన్నాను.
ఒక మనిషి ఊపిరి కూడా.
వాన కడిగిన గాజులా ఉంది ఆ లైను.
విన్నది బయటపెట్టనని ఉద్యోగంలో చేరిన రోజే ప్రమాణం చేశాను.

తప్పు దొరికింది. చిటికెన గోరంత వాషరు,
తీగను ఇనుముకి తగలనివ్వనిది,
ఎప్పుడో పొడిపొడిగా రాలిపోయింది.
వెన్న డబ్బా మూత కత్తిరించి
ఇంకోటి చేశాను. మధ్యలో మేకుతో బెజ్జం.
పాయింట్ల సందు పోస్టుకార్డు మందంతో సరిచూశాను.

S దగ్గరికి తోశాడు.
ఒక దగ్గు. నీలం పొగ.
కప్పు మీది కాకులన్నీ లేచిపోయాయి.

ఆ మోత మీద అరిచాడు:
"ఆ రోజు కూడా ఇంతేనా? లైనుదేనా తప్పు?"
ఏ రోజని నేను అడగలేదు.
తలూపాను.
ఏ ప్రశ్నకు ఊపానో అతనూ అడగలేదు.

గడ్డి సగం చేరేసరికి చినుకులు మొదలయ్యాయి.
హెడ్‌లైట్లు ఇంకా వెలగవు.
కుడిదానికి తీగ లేదు. ఎడమదాని గిన్నెలో
ఏదో చిన్న పిట్ట నాచు తెచ్చి గూడు పెట్టుకుంది.
అది ఎగిరిపోయాక చూద్దామన్నాను.