మండె తిరగేయడం

టంగుటూరులో రాత్రి రెండున్నర.
వేలం కేంద్రం రోడ్డు మీద కుక్కలు కూడా పడుకున్నాయి.
మిద్దె గదిలో ఫ్యాను, నేను,
తెర మీద పట్టిక:
మార్చాల్సిన ప్యాకేజీలు రెండువందల పద్నాలుగు.

ఒక్క మాట కొడితే అన్నీ ఒకేసారి కొత్తవైపోతాయి.
పోయినేడు అట్టాగే కొట్టాను.
తెల్లారేసరికి కందుకూరు పాలిటెక్నిక్ ల్యాబులో
నలభై మిషన్లు నల్లమొహం వేసుకు కూర్చున్నాయి.
ఏది దేన్ని పడగొట్టిందో తేలడానికి
మూడు రోజులు.

అప్పుడే గ్రేడింగు నుంచి వచ్చిన అమ్మ
చేతుల బంక చింతపండుతో తోముకుంటా అడిగింది:
"చూడకుండానే మండె కలిపేశావా?"

ఆకు ఆకు ఎత్తి చూస్తది అమ్మ,
ఈనె పట్టుకుని, వెలుతురుకి పెట్టి,
అనుమానమొస్తే ముక్కు దగ్గరికి తెచ్చి.
ఒక్క చెమ్మాకు లోపల పడిందా,
చెక్కు మొత్తం వేడెక్కుద్ది.
కొనేవాడు చెయ్యి పెట్టి చూసి
మాట్లాడకుండా పక్క చెక్కుకి పోతాడు.

అందుకే ఇప్పుడు ఒక్కోటి.
కొత్తదాన్ని ఖాళీ గదిలో ఒంటరిగా నిలబెట్టి చూస్తాను,
ఇంట్లో సామాను ఏదీ చేతికందకుండా.
పక్కింటి చక్కెరతో టీ పెట్టేది
పక్కిల్లు ఖాళీ అయ్యాక ఏం చేస్తది?
నిలబడితే చీటీ రాస్తాను, ఏం మారిందో, ఎందుకో.
"చిన్న సవరణలు" అని రాయడం మానేశాను.
ఆ రెండు మాటల కింద
నేనే ఎన్ని తప్పులు పాతిపెట్టానో.

నూట ఎనభై ఒకటి అయ్యాక ఆగాను.
హాల్ టికెట్ల మీద తెలుగు ఒత్తుల్ని
వాటి చోట కూర్చోబెట్టే బుల్లి ప్యాకేజీ.
చూసుకునేవారు: సుభానీ.
ఎనిమిదేళ్లుగా ఎవరూ ముట్టలేదు.
కొత్త లైబ్రరీతో పొసగదు.

సుభానీకి ఇప్పుడు సింగరాయకొండలో రొయ్యల మేత కొట్టు.
పొద్దున్నే ఫోన్ చేస్తే
మూటలు దించే చప్పుడు మధ్య నవ్వాడు.
"అదింకా బతికే ఉందా అక్కా? తీసెయ్."

తీసేయడానికి ఒక్క గీత చాలు.
దాన్ని ఆనుకుని ఎవరున్నారో వెతికితే
ఒక్కరు తేలారు,
పొదిలి కాలేజీ ఆఫీసులో మరియదాసు గారు,
ఏడాదికొక్కసారి, మార్చిలో.
ఏ పిల్లాడి పేరులోనైనా క్రారవడి విడిపోతే
ఆయనకి అన్నం సహించదు.

ఇది ఫిబ్రవరి.

సుభానీ పేరు కొట్టేసి
ఆ గడిలో నా పేరు రాశాను.

క్యారేజీ పట్టుకుని గుమ్మంలో ఆగింది అమ్మ.
"అయిందా?"
"ముప్పైమూడు ఉండాయి."
"అయితే చేతులు కడుక్కో ముందు," అంది,
"టీ చల్లారిపోతంది."