పద్యం అందించే మనిషి

డార్బీలో చర్చి వెనక హాలు. ఫిబ్రవరి.
హీటరు దగ్గుతుందే గానీ వేడెక్కదు.
కిరీటం నేనే కత్తిరించాను కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలోంచి.
బంగారు రంగు జనంవైపు,
కోడిపుంజు బొమ్మ రాజుగారి నుదుటివైపు.
సింహాసనానికి
హాలు మొత్తమ్మీద చేతులున్న కుర్చీ ఒక్కటే దొరికింది.

రాజు వేషం దశిక వైకుంఠానిది.
పగలు బస్సు డిపోలో లెక్కలు రాసేవాడు.
మొదటి అంకంలో పడవవాడి ముంతలో గంజి తాగి
"అన్నా" అంటాడు.
మూడో అంకంలో ఆ రేవుకే సుంకం వేస్తాడు.
ఐదో అంకంలో వెనక శత్రువు, ముందు ఏరు, పైన వాన.
గొంతు చించుకుని పిలుస్తాడు.
రేవులో కట్టుకొయ్య తప్ప ఏమీ ఉండదు.
ఓడ మల్లన్న, బోడి మల్లన్న సంగతే,
కాకపోతే మా మల్లన్నకు హార్మోనియం ఉంది.

నేను తెర పక్కన చీకట్లో నిలబడి
అతను మర్చిపోయిన మాట అందించేదాన్ని.
తొమ్మిదేళ్ళు.
ప్రతి ఏడూ ఒక్కచోటే మర్చిపోయేవాడు,
"తప్పు నాదే" అనాల్సినచోట.
ఓరగా ఇటు చూసేవాడు. నేను గొణిగేదాన్ని. అందుకునేవాడు.
ముందు వరసలో ముక్కులు చీదుకునేవాళ్ళు.

అతన్ని మా టవర్ అద్దెదార్ల సంఘానికి
అధ్యక్షుణ్ణి చేసింది మేమే, చేతులెత్తి.
నా చెయ్యి అందరికన్నా పైన.
గెలిచిన రాత్రి పదకొండు అంతస్తులూ మెట్లెక్కి వచ్చాడు.
తొమ్మిదో అంతస్తు మిసెస్ హాడ్లీ ఇంట్లో
బిస్కెట్ టీలో ముంచి, అది విరిగి పడితే
వేలితో తీసుకుని తిన్నాడు.
ఆవిడ ఆ వేలి గురించి ఏడాదంతా చెప్పింది.

రెండో ఏడు ఒక ఫారం వచ్చింది.
ఫారం వెనకే ఒక బల్ల, బల్ల వెనక ఒక తలుపు.
మూడో ఏడు లిఫ్టు ఆగింది.
రిపేరు కాంట్రాక్టు వైకుంఠం బావమరిదిది.
రెండు మోకాళ్ళకీ ఆపరేషనైన మిసెస్ హాడ్లీ
ఆరు వారాలు కిటికీలోంచి పావురాల్ని చూసింది.
తనిఖీ రోజున సామాన్ల లిఫ్టు తాళం తీయించుకుని
ఒక్కడే పైకి పోయి, ఒక్కడే దిగాడు.
అడిగాను.
"రూల్స్ ఉంటాయి కదమ్మా" అన్నాడు.
అమ్మా, అన్నాడు.
తొమ్మిదేళ్ళు నన్ను సుభాషిణీ అని పిలిచిన నోటితో.

కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. విచారణ అన్నారు.
అదే హాలు, అదే దగ్గే హీటరు.
అందరూ ప్లాస్టిక్ కుర్చీల్లో,
అలవాటుగా అతను చేతులున్న కుర్చీలో.
లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.
మాట రాలేదు.
అప్పుడు ఓరగా తెర పక్కకి చూశాడు.
నేనక్కడ లేను, రెండో వరసలో ఉన్నాను.
కళ్ళు వెతుక్కుంటూ వచ్చి నా దగ్గర ఆగాయి.
ఆ రెండు మాటలూ నా నాలిక మీదే ఉన్నాయి.
పెదవి విప్పలేదు.
న్యాయం అనుకున్నాను. బాగుంది కూడా,
నిజం చెప్పాలంటే, చాలా బాగుంది.

తాళాల గుత్తి నాకిచ్చారు.
సోమవారం పొద్దున, తొమ్మిదికి ఐదు నిమిషాలుంది.
అద్దాల తలుపు అవతల ఒకతను,
తోపుడు బండిలో బిడ్డ, బండి మీద తన కోటు,
తను వానలో.
ఫారం పట్టుకున్న చెయ్యి ఊపాడు.
చూశాను.
చూడనట్టు గడియారం చూశాను.
టీ ఇంకా సగం ఉంది, వేడిగా ఉంది,
కుర్చీ చేతులు నా మోచేతులకి సరిగ్గా సరిపోయాయి.
రూల్స్ ఉంటాయి కదా.

నుదుటి మీద ఏదో గరుకుగా తగిలినట్టై
తెర పక్కకి చూశాను.
ఖాళీ.
అక్కడ నిలబడాల్సిన మనిషి
ఇక్కడ కూచుని టీ తాగుతోంది.