ఫస్ట్ డ్యూటీ

పొద్దుగాల నాలుగున్నరకు డిపోకు బస్సుండదు.
బస్సు నడవాలంటే ముందుగాల నేను పోవాలె గద.

పదకొండేండ్లు మా ఆయన బండెనుక కూసుండి పోయిన.
నిద్రకండ్లతోని ఆయన, టిఫిన్ డబ్బతోని నేను,
ఒక్క మాట లేకుండ
ఏనుగొండ నుంచి బస్టాండు దాక.
మొన్న ఎండాకాలం ఆయనకు జడ్చర్ల కంపెనీల
నైట్ షిఫ్టు పడ్డది.
ఆటో ఆయన డెబ్బై అన్నడు. చీకటి రేటంట.

చాంద్ పాషా దుకాణంల
పద్దెనిమిది వందలకు ఒక లేడీస్ సైకిలు కొంటి.
రంగేందని అడిగితే
"తుప్పు గీకితె తెలుస్తది అక్కా" అని నవ్విండు.
సీటు దించిండు, మళ్ల దించిండు.
"మొదట్ల కాళ్లు రెండూ నేలకు ఆనాలె.
ధైర్యమొచ్చినంక లేపుదాం."
బెల్లు మాత్రం కొత్తది ఏసిండు, ఉత్తగనే.

నలభై ఒకటో ఏట,
ఐతారం పొద్దుగూకంగ, స్కూలు గ్రౌండుల,
నా బిడ్డ శ్రావ్య ఎనుక పట్టుకొని ఉరుకుతున్నది.
"కిందికి చూడకమ్మా, దూరం చూడు!"
దూరం ఏమున్నది?
గోల్ పోస్టుకు కట్టేసిన మేక.
మేకనే చూసుకుంట తొక్కితి.
మేక దగ్గరికొచ్చింది. ఇంక దగ్గరికొచ్చింది.
బ్రేకున్నదని యాదికి రాలే.

సోమవారం.
బండి మీద పోయినన్నాళ్లు
ఈ తొవ్వ సాపుగ ఉన్నదనుకున్న.
మెట్టుగడ్డకు ఆ పేరెందుకు పెట్టిన్రో
మోకాళ్లు చెప్పినయి.
దిగి నూక్కుంట పోయిన.
మటన్ దుకాణం కాడ నాలుగు కుక్కలు.
ఉరికితే ఉరుకుతయి. అందుకే ఆగిన.
ఫుట్‌బోర్డు మీద టికెట్ తీసుకోనోన్ని చూసినట్టు చూసిన.
ముందు తెల్లది కూసున్నది,
తర్వాత మిగతయి.

ఆరు నిమిషాలు లేటు.
కంట్రోలరు గడియారం చూసిండు,
చైన్ల పడి చినిగిన నా చీర అంచు చూసిండు,
రాయలే.

మంగళవారం తొడలు. బుధవారం నడుము.
గురువారం సంగతి సీటుకే తెలుసు,
ఎవలితోని చెప్పుకుంట?
మా ఆయన నిద్రల నుంచి లేచి
చైనుకు కొబ్బరినూనె పోసిండంట. నాతో ఏమనలే.

శుక్రవారం చైను పడ్డది.
న్యూటౌన్‌ల కరెంటు లేదు.
ఫోను పండ్ల మధ్య పట్టుకొని ఆ ఎలుగుల
ఒక్కొక్క పల్లు మీదికి ఎక్కించిన.
ఎక్కినట్టే ఎక్కి జారింది. మళ్ల.
దుమ్ము, కొబ్బరివాసన, నల్లటి జిగురు.
పాలబండి పిలగాడు ఆగి
"నేను ఎక్కియ్యాల్నా అక్కా?" అన్నడు.
"లైటు పట్టు, సాలు."

ఆ దినం నా బస్సు నారాయణపేటకు.
మొదటి టికెట్ ఒక ముసలవ్వకు, దేవరకద్ర దాక,
ఆడోళ్లకు కొట్టే సున్న టికెట్.
మిషన్ల నుంచి తెల్లగ వచ్చిన కాయితం మీద
నా బొటనవేలు నల్లగ దిగింది.
అవ్వ దాన్ని ఎలుతురుకు పట్టి చూసింది.
"నువ్వు గుడ వేలిముద్రనేనా బిడ్డా?"
డ్రైవర్ కుర్మయ్య అద్దంల నవ్వుడు కనవడ్డది.
నేను పదో తరగతి ఫస్ట్ క్లాసు.
"అవునవ్వా" అన్న.

ఇప్పుడు నెల దాటింది.
బేకరి ఎనుక రొట్టెల వాసన ఎన్నింటికి మొదలైతదో,
ఏ ఇంట్ల ముసలాయన దగ్గుతడో తెలుసు.
పదకొండేండ్లు ఇవి ఎటు పోయినయో.
సాయంత్రం ఎదురుగాలి మాత్రం ఇంక పగోడే.
తిట్టుకుంటనే తొక్కుత,
గొంతు విప్పి, నాకు వచ్చిన తిట్లన్ని,
ఎట్లైన గాలే తీస్కపోతది గద.

నిన్న చాంద్ పాషా
సీటు ఒక వేలెడు లేపిండు.
ఆగినప్పుడు
ఒక కాలే ఆనుతున్నది.