గాలివాటం

మంచె ఎక్కబోతే పోలయ్య మామ
నా మెడ దగ్గర ముక్కు పెట్టి రెండుసార్లు పీల్చాడు.
"సబ్బు" అన్నాడు. అంతే.
కండలేరు కాలవలో మళ్ళీ మునిగొచ్చాను.

తలకి నూనె లేదు. బీడీ కట్ట కిందనే, చెప్పుల్లో.
చొక్కా రెండు రోజులుగా గట్టు మీద తంగేడు కొమ్మకి వేలాడి
ఎండా దుమ్మూ తాగి ఉంది.
మేకపెంటికలు నలిపి మోకాళ్ళకి రాయించాడు.
నవ్వొచ్చింది నాకు.
"గమ్మునుండు పిలకాయా,
పందికి కళ్ళు సగం. ముక్కు మాత్రం ఊరంత."

పొయ్యి బూడిద చిటికెడు చీకట్లోకి వదిలితే
నా చెంప రాసుకుంటా తూర్పుకు పోయింది.
వెలిగొండ దిగే గాలి. మంచిదే.

మొదటి రాత్రి ఏమీ రాలా.
రెండో రాత్రి నక్క.
మూడో రాత్రి, వెన్నెల కొండ వెనక్కి జారబోతుండగా,
శనగచెట్లు పెరికే చప్పుడు.
తడినోటితో ఎవరో చీకట్లో అన్నం తింటున్నట్టు.
ముందు దాని కంపే మాకు తగిలింది:
బురద, పులిసిన గంజి, ఇంకా పేరు లేనిదేదో.
గాలి మనదేనని మామ మోచేత్తో పొడిచాడు.
నాటు తుపాకి భుజానికి ఆనించాడు.

అప్పుడు తిరిగింది పైరగాలి,
మైపాడు నుంచి రాత్రంతా నడిచొచ్చినట్టు.
మెడ వెనక చెమట చల్లబడింది.
పంది తలెత్తింది.
మేం కనపడలా. వినపడలా.
మూతి అటూ ఇటూ తిప్పి
కూడబలుక్కుంటా గాలిని చదివింది.
ఒక్క గుర్రు.
ఐదు పిల్లలు దాని వెంట,
కంప విరిగిన చప్పుడు కొండ దాకా.

మామ చాలాసేపు మాట్లాడలా.
తర్వాత నా కుడిచెయ్యి లాక్కుని వాసన చూశాడు.
"నిమ్మకాయ."

పదకొండేళ్ళు పొదలకూరు యార్డులో బస్తాలు కుట్టిన చెయ్యి.
పగిలిన కాయల రసం గోళ్ళలోకి,
గోళ్ళలోంచి గీతల్లోకి.
నా ముక్కు ఎప్పుడో మానేసింది దాన్ని.
ముద్ద పెడితే పుల్లగుందని బిడ్డ మొహం తిప్పేది,
మారాం అనుకున్నా.

పొద్దున లెక్కేస్తే పోయింది పదహారు చెట్లు.
మిగతా రెండెకరాలు అట్టనే ఉంది.
చేను గలాయన సంతోషంగా కూలి ఇచ్చాడు.
కూర మాత్రం లేదు.

బూడిద డబ్బా నా ఒళ్ళోకి విసిరాడు మామ.
"రేపట్నుంచి నువ్వొక్కడివే ఎక్కు.
తుపాకి దేనికి నీకు?
గాలి కొండకి తిరిగినప్పుడు
చేతులు చాపి కూచో."