ఎనిమిదితో భాగించాక

పర్లాకిమిడిలో మా సందుకి
కొత్త కంపెనీ గాజు తీగ వచ్చింది.
పాత రాగి తీగని స్తంభం మీదే వదిలేశారు,
పిచుకలకి పనికొస్తుందని కాబోలు.

మూడు కొట్లకి జీఎస్టీ లెక్కలు కట్టే మనిషిని.
అంకెని నమ్మడం, నమ్మాక మళ్లీ కూడి చూడడం
నాకు ఒకటే అలవాటు.
వంద అన్నారు.
కాగితం అడుగున చీమల బారులాంటి అక్షరాల్లో
వంద వరకు అని ఉంది.
ఆ 'వరకు' ఎంత పెద్ద సంచో
వర్తకుల దగ్గర పనిచేసినవాళ్లకి తెలుసు.

తీగ గుచ్చి కొలిస్తే తొంభై నాలుగు.
ముందుగదిలో అరవై.
సున్నపు గోడ దాటి, బియ్యం డబ్బా దాటి
వంటింట్లోకి వచ్చేసరికి ముప్పై ఒకటి.
అదైనా ముప్పై ఒకటి కాదు, ఎనిమిదితో భాగించాలట.
వాళ్లు బిట్లలో అమ్ముతారు, మనం బైట్లలో దించుకుంటాం.
మల్లెపూలు ఒక్కొక్కటీ ఎంచి బేరం చెప్పి
మూరల్లో కొలిచి చేతికిచ్చినట్టు.

ఫోన్ చేశాను.
ఒడియాకి ఒకటి, హిందీకి రెండు, ఇంగ్లీషుకి మూడు.
నా భాషకి మీట లేదు.
ఒకటి నొక్కాను.
కోపం మాత్రం తెలుగులోనే వచ్చింది.

మర్నాడు ఇసాక్ రయిత వచ్చాడు, నిచ్చెనతో.
"మైనస్ ఇరవై ఒకటి ఉందమ్మా, బావుంది" అన్నాడు.
"మైనసేటి, బావుండడమేటి?"
"సున్నాకి దగ్గరైన కొద్దీ వెలుగు.
ఇరవై ఏడు దాటిందా, చీకటే."
ఇన్నేళ్లూ మైనస్‌ని ఎర్ర సిరాలోనే చూసినదాన్ని,
కాసేపు ఆ పెట్టెకేసి చూస్తూ ఉండిపోయాను.

రూటర్ లోపలి పేజీ తెరవడం అతనే నేర్పాడు.
పడిపోకుండా ఎన్ని రోజులు నిలబడిందో
గంటలతో సహా చెబుతుందది.
నన్నెవరూ అలా లెక్కపెట్టలేదు.
ఇంట్లో ఎన్ని ఫోన్లు తగులుకున్నాయో,
ఏది ఎంత తాగిందో కూడా చెబుతుంది.

తొమ్మిదో రోజున చూశాను.
సాయంత్రం ఆరూ పదికి, రోజూ,
మూడు నిమిషాలు, రెండు వందల ఎంబీ.
పేరు: ఇసాక్.
సిగ్నల్ మైనస్ ఎనభై ఒకటి,
అంటే సందు చివర కల్వర్టు దగ్గర.
పరీక్షకని తన ఫోన్‌లో కొట్టిన పాస్‌వర్డ్
తీసేయడం మర్చిపోయాడో, మర్చిపోలేదో.

నా తీగ. నా డబ్బు.
ఆపెయ్ అనే మీట మీద వేలు పెట్టి,
నొక్కలేదు.
రెండుకి కట్టేశాను వేగాన్ని,
మా అత్త మజ్జిగలో నీళ్లు కలిపినట్టు.

మర్నాడు మూడు నిమిషాలు
పదమూడు నిమిషాల ఇరవై సెకండ్లయ్యాయి.
రెండు వందలు, ఇంటూ ఎనిమిది, బై రెండు.
ఎనిమిది వందల సెకండ్లు, పైసా తేడా లేదు.
లెక్క కుదిరినందుకు ఎంత సంబరమో!
ఆ సంబరంలోనే కిటికీ తీశాను.

వాన.
కల్వర్టు గట్టు మీద, బండి పక్కన,
ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫోన్‌ని
రెండు చేతులా కప్పుకుని ఇసాక్.

గుమ్మా దాటి కొండ మీద అతని ఊరు.
అక్కడ టవర్ లేదని మొదటి రోజే అన్నాడు,
నేను మైనస్ గొడవలో పడి వినలేదు.
ఏం పట్టుకెళుతున్నావని ఇప్పుడడగలేను.
ఆ పేజీ కూడా
ఎంతో చెబుతుంది గాని ఏంటో చెప్పదు.

కట్టు విప్పేశాను.
రూటర్ని గోడ మీంచి ఊడదీసి కిటికీలో పెట్టాను.
ఇప్పుడు కల్వర్టు దగ్గర మైనస్ అరవై మూడు.
వంటింట్లో మాత్రం
వంకాయ వేపుడు వీడియో
నూనె కాగకముందే ఆగిపోతోంది.
ముప్పై ఒకటి కాస్తా పందొమ్మిది.
తేడా పన్నెండు.

పుస్తకంలో ఆ పన్నెండుని
ఏ పద్దు కింద రాయాలో తోచక
'కిటికీ' అని రాశాను.